ఇరవై అడుగుల దూరం



ఈ వారం రాస్తున్నది మా ఇంటి గోడకు పెట్టిన ఒక చిన్న కన్నం గురించి. వేలు పట్టేంత కన్నం. అందులోంచి ఒక కేబుల్ వెళ్తుంది. వెనక గదిలో మావాడి కంప్యూటర్ నుంచి ముందు హాల్లో టీవీ పక్కనున్న రూటర్ దాకా వేసిన కేబుల్ అది. దేనికంటే, కంప్యూటర్లో ఉన్న గేములు హాల్లో టీవీ మీద ఆడుకోవడానికి. పాస్టరుగారి ఇంట్లో గేములేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. దయచేసి చివరిదాకా చదవండి. ఇందులోని ప్రతి మాటా మావాడు ముందుగా చదివి, "సరే నాన్నా, పెట్టు" అన్న తర్వాతే మీ ముందుకు వస్తోంది. అలా ఎందుకు అడగవలసి వచ్చిందో కూడా చెబుతాను.

మా ఊరు టెక్కలికి దగ్గర. రాత్రిపూట హైవే మీద లారీల చప్పుడు మా ఇంటికి వినబడుతుంది. మా నాన్నగారు ఆ రోడ్డు మీదే లారీ నడిపేవారు. అప్పుడు దాన్ని 5వ నంబరు రోడ్డు అనేవాళ్లం, ఇప్పుడు 16 అయింది. సెలవుల్లో నన్ను క్లీనరు పక్కన కూర్చోబెట్టుకుని ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి తీసుకెళ్లేవారు. ఈ సంగతి ఇప్పుడెందుకంటే, తర్వాత పనికొస్తుంది.

మా ఇల్లు మందిరం పక్కనే. పాత పెంకుటింటికి ముందు ఒక స్లాబు హాలు కలిపాం. హాల్లో కుటుంబ ప్రార్థన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, వచ్చేపోయే విశ్వాసులు. వెనక పాత ఇంట్లో ఒక చిన్న గది మావాడిది. రెండింటికీ మధ్య మూరెడు మందం మట్టిగోడ. దూరం చూస్తే ఇరవై అడుగులు కూడా ఉండదు.

మావాడు విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. విశాఖలో పాత భాగాలు ఒక్కొక్కటీ కొనుక్కుని కంప్యూటర్ తనే బిగించుకున్నాడు. సెలవులకు వస్తే ఆ గది, ఆ పెట్టె, మూసిన తలుపు. అన్నానికి పిలిస్తే వస్తాడు. "తిన్నావా" అంటే "ఊ". "చదువెలా ఉంది" అంటే "బాగానే ఉంది". అంతే.

వాడు మంచివాడు కాదని కాదు. మన ఆదివారం ఆరాధనను ఫోనులో లైవ్ పెట్టేది వాడే. స్టాండు, మైకు, వైర్లు అన్నీ వాడి చేతి పనే. హైదరాబాద్, చెన్నైలకు పనులకు వెళ్లిన మన ఊరివాళ్లు, గల్ఫ్‌లో ఉన్న మన బిడ్డలు ఆ లైవ్‌లో వాక్యం వింటారు. ఫోను చేసి, "అయ్యగారూ, ఈ వారం వాక్యం నాతోనే మాట్టాడినట్టుంది" అంటారు. నాకు సంతోషంగా ఉండేది.

ఒక ఆదివారం మొదటి సమూయేలు గ్రంథంలోంచి ఏలీ గురించి, అతని కుమారుల గురించి బోధిస్తున్నాను. పిల్లలను అదుపు చేయని తండ్రి మీదికి ఏమి వచ్చిందో చెబుతూ, సంఘానికి దగ్గరగా ఉంటుందని ఒక మాట కలిపాను. మా ఇంట్లోనూ ఒక గది ఉందనీ, అందులో ఒకాయన పగలూ రాత్రీ ఒక పెట్టె ముందు సాష్టాంగపడి ఉంటాడనీ, ఆ పెట్టెకు ప్రార్థన కూడా చేస్తున్నాడేమో తెలియదనీ అన్నాను. సంఘం ఘొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. ఫోను వెనక నిలబడి ఆ మాటను ఊళ్లు దాటించి పంపుతున్నది వాడే. వాడు ఫోను కదల్చలేదు. లైవ్ ఆపలేదు. ముగింపు ప్రార్థన అయ్యాక వైర్లు చుట్టి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత "ఊ" కూడా తగ్గింది.

దసరా సెలవుల్లో ఒక రాత్రి, కుటుంబ ప్రార్థన అయ్యాక, వాడు హాలు గడప దగ్గర నిలబడి అడిగాడు. "నాన్నా, ప్రార్థన అయిపోయాక టీవీ ఖాళీగానే ఉంటుంది కదా. నా గేము ఇక్కడ ఆడుకోనా?"

ఆ టీవీ మా పెద్దమ్మాయి క్రిస్మస్‌కి కొనిచ్చింది. హైదరాబాద్‌లో నర్సుగా చేస్తోంది. "అక్క అది వాక్యం వినడానికి కొనిచ్చింది" అన్నాను. వాడు తల ఊపి వెళ్లిపోయాడు. వంటగదిలోంచి నా భార్య వచ్చి, "గది వదిలి బయటికొస్తానంటే వద్దంటారేమండీ?" అంది. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. దాచుకోవాలనుకున్నవాడు నట్టింట్లోకి వస్తానని అడగడు కదా. ఈ చిన్న సంగతి నాకు తోచలేదు, ఆమెకు తోచింది.

మర్నాడు వాడి గదికి వెళ్లి, "సరే, ఎలా చేస్తావో నాకు చూపించు" అన్నాను.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో మీకు చెబుతాను. గేము టీవీలోకి రాదు. అది కంప్యూటర్లోనే నడుస్తుంది. కంప్యూటర్ ఆ బొమ్మను ఎప్పటికప్పుడు వీడియోగా మార్చి, చిన్నది చేసి, ఇంట్లో ఉన్న రూటర్ ద్వారా టీవీకి పంపిస్తుంది. టీవీ దాన్ని విప్పి చూపిస్తుంది. హాల్లో కూర్చుని మనం కంట్రోలర్ మీద నొక్కిన ప్రతి నొక్కూ అదే దారిలో వెనక్కి కంప్యూటర్‌కి వెళ్తుంది. కంప్యూటర్లో వేసిన ప్రోగ్రాం పేరు సన్‌షైన్, టీవీలో వేసిన దాని పేరు మూన్‌లైట్. రెండూ ఉచితమే. పేర్లు విని నాకు ముచ్చటేసింది. చంద్రుడికి సొంత వెలుగు లేదు, సూర్యుడి దగ్గర తీసుకున్నదే మనకు చూపిస్తాడు. సేవకులం ఎప్పుడూ గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

"అంటే మన ఆదివారం లైవ్ లాంటిదేనా?" అని అడిగాను.

"సగం అలాంటిదే నాన్నా. కానీ నువ్వు ఆమేన్ అన్న పది ఇరవై సెకన్లకి గాని ఖతార్‌లో వాళ్లకి వినబడదు. వాళ్లు నీకు తిరిగి ఏమీ చెప్పక్కర్లేదు కాబట్టి ఎంత ఆలస్యమైనా ఫర్వాలేదు. ఆటకి అలా కుదరదు. ఇటునుంచి అటు కూడా వెళ్లాలి, వెంటనే వెళ్లాలి."

వాళ్లు నీకు తిరిగి ఏమీ చెప్పక్కర్లేదు. వాడు మామూలుగానే అన్నాడు. ఆ మాట మాత్రం నాలో ఉండిపోయింది.

మొదటి రాత్రి వైఫై మీదే పెట్టి చూశాడు. గేము పేరు యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. చెక్ దేశపు కంపెనీ ఒకటి 2012లో తెచ్చిన ఆట. ఇందులో కొట్టుకోవడం, కాల్చుకోవడం లేదు. సరుకు ఎక్కించుకుని యూరప్ రోడ్ల మీద ఊరినుంచి ఊరికి లారీ నడపాలి. సిగ్నల్ దాటితే జరిమానా, వేగం మించితే జరిమానా, నిద్ర వేళకు లారీ ఆపి పడుకోవాలి. నేను ఏవేవో తుపాకుల ఆటలు ఊహించుకుని ఇన్నాళ్లూ మండిపడ్డాను. వాడు తాతగారి పని ఆడుకుంటున్నాడు. నేను ఒక్కసారి కూడా ఆ గదిలోకి తొంగి చూసి, "ఏమి ఆడుతున్నావురా" అని అడగలేదు.

అయితే ఆ రాత్రి లారీ సరిగ్గా పోలేదు. స్టీరింగ్ తిప్పిన కాసేపటికి గాని తిరగడం లేదు. మలుపు దగ్గర బొమ్మ ఆగి ఆగి వచ్చింది, లారీ పోయి కంచెను గుద్దింది. నేను అప్రయత్నంగా, "స్టీరింగ్‌లో ప్లే ఎక్కువుంటే లారీ ఇలాగే పోతుందని మీ తాత అనేవారురా" అన్నాను. వాడు నావైపు తిరిగి చూశాడు. ఎన్ని నెలలకో అలా చూడటం.

లోపం మట్టిగోడది. వైఫైలో రెండు రకాల తరంగాలున్నాయట. 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడలు దాటి దూరం పోతుంది గాని నెమ్మది, పైగా చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ దాని మీదే కిక్కిరిసి ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం, కానీ మందమైన గోడ దాటలేదు. సెకనుకు అరవై బొమ్మలు రావాలంటే ఒక్కో బొమ్మకు దక్కేది పదహారు పదిహేడు మిల్లీసెకన్లే. గోడ దగ్గర కాస్త తడబడినా చేతికి తెలిసిపోతుంది. దీనికి మందు కేబులే అన్నాడు. కంప్యూటర్ నుంచి రూటర్ దాకా కేబుల్ వేస్తే, రూటర్ టీవీ పక్కనే ఉంది కాబట్టి సరిపోతుందట.

టెక్కలి వెళ్లి పదిహేను మీటర్ల కేబుల్ తెచ్చాం. డ్రిల్లు లేదు. సన్నటి ఇనుప చువ్వ తీసుకుని హాలు వైపు నుంచి నేను, గది వైపు నుంచి వాడు గోడను తొలిచాం. మట్టిలో మధ్యలో రాయి అడ్డం వచ్చింది.

"వచ్చిందా?"

"ఇంకొంచెం నాన్నా. కాస్త కిందికి."

"ఇప్పుడో?"

"ఆఁ, కనబడుతోంది. ఆగు, నేను లాగుతాను."

ఆ ఏడాది మా ఇద్దరి మధ్య జరిగిన అతి పెద్ద సంభాషణ అదే. చేతినిండా ఎర్రమట్టితో ఇద్దరం నవ్వుకున్నాం. నా భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చి ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది.

కేబుల్ వేశాక లారీ చెప్పిన మాట వింది. నేను వాడి పక్కన చాప మీద కూర్చున్నాను. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. ఎదురుగా వచ్చే లారీలను చూసి మొదటి రోజు రెండుసార్లు కళ్లు మూసుకున్నాను. అద్దం చూడు, ఇండికేటర్ వెయ్యి, అంటూ ఉంటే, "నువ్వు క్లీనరువి నాన్నా" అని నవ్వాడు. క్లీనరు పని నాకు తెలుసు. దారి చెప్పడం కాదు. డ్రైవరుకు నిద్ర రాకుండా పక్కన ఉండటం. అతను మాట్లాడితే వినడం. మర్నాడు పొద్దున్నే పాలు పోయడానికి వచ్చిన మన సంఘపు పెద్దామె ఒకావిడ, "ఏటి అయ్యగారూ, రేతిరి లారీ సప్పుడు మీ ఇంట్లోంచే ఒచ్చింది, లారీ కొన్నారేటి?" అంది. "కొనలేదమ్మా, క్లీనరుగా చేరాను" అన్నాను.

మూడో రాత్రి వాన. గాలికి తాటిమట్ట పడి వీధిలో ఇంటర్నెట్ తీగ తెగింది. కరెంటు కూడా పోయింది, ఇన్వర్టర్ మీద టీవీ నడుస్తోంది. "నెట్ పోయింది కదా, ఆట ఆగిపోతుంది" అన్నాను. "ఆగదు నాన్నా. ఇది బయటికి వెళ్లనే వెళ్లదు. మన ఇంట్లో మన గదినుంచి మన హాల్లోకి, అంతే" అన్నాడు. నాకు 2018 అక్టోబరు గుర్తొచ్చింది. 11వ తేదీన తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. వీడప్పుడు చిన్నవాడు. రాత్రంతా లాంతరు చుట్టూ కూర్చుని మేము నలుగురం మాట్లాడుకున్నంతగా మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. బయటి తీగలన్నీ తెగినప్పుడు ఇంటిలోపలి తీగ బాగుండేది. బయటి తీగలన్నీ వచ్చాక లోపలిది ఎప్పుడు తెగిందో నేను చూసుకోలేదు.

లారీ ఒక పొడవాటి రోడ్డు మీద పోతోంది. ఆటలో కూడా వానే. వాడి కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. అప్పుడు చెప్పాడు.

"నాన్నా, నాకు మూడు సబ్జెక్టులు పోయాయి. ముందు సెమిస్టర్‌లో రెండు, ఇప్పుడొకటి."

కాసేపు ఆగాడు.

"నీకు చెబితే ఆదివారం వాక్యంలో వస్తుందని చెప్పలేదు."

ప్రియులారా, నా సేవలో ఎన్నో విమర్శలు విన్నాను. ఈ మాటలా ఏదీ తగల్లేదు. నా నోటికి అలవాటైన మాటలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. చదువు విలువ, తల్లిదండ్రుల కష్టం, ఏలీ కుమారులు. దేవుని కృపను బట్టి వాటిలో ఒక్కటీ బయటికి రాలేదు. లారీ రెండు మలుపులు తిరిగింది. అప్పుడు, "ఆ ఆదివారం నేను చేసింది తప్పు. నన్ను క్షమించు నాన్నా" అన్నాను. వాడు లారీని పక్కకు తీసి ఆపాడు. కంట్రోలర్ కింద పెట్టి ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

సంఘం ముందు కూడా క్షమాపణ చెబుతానన్నాను. "వద్దు నాన్నా. అప్పుడది మళ్లీ నా గురించే అవుతుంది. ఆ వీడియో తీసెయ్యి, చాలు" అన్నాడు. ఎలా తీయాలో నాకు తెలియదు. వాడే చూపించాడు, నా వేలితో నేను తీశాను.

ఆ రాత్రి వాక్యం తెరిస్తే ప్రభువు నన్ను అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయానికి తీసుకెళ్లారు. గాజాకు పోయే దారిలో ఐతియొపీయుడు రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. ఆత్మ ఫిలిప్పును ఆ రథం దగ్గరికి వెళ్లి దాన్ని కలుసుకోమంటాడు. ఫిలిప్పు చేసిన పనుల వరస చూడండి. మొదట దగ్గరికి పరుగెత్తాడు. తర్వాత అతను చదువుతున్నది విన్నాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. అతను రమ్మంటే రథమెక్కి పక్కన కూర్చున్నాడు. అతని ప్రశ్న కూడా విన్నాడు. అప్పుడు గాని బోధించడానికి నోరు తెరవలేదు. ఈ భాగం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను, ఎప్పుడూ చివర్లోని బోధ గురించి, బాప్తిస్మం గురించే. పక్కన కూర్చోవడం గురించి ఒక్కసారీ చెప్పలేదు. నా సొంత కొడుకు రథం దారిపక్కన పోతుంటే, రోడ్డు మీద నిలబడి కేకలు వేశాను.

యాకోబు పత్రిక 1వ అధ్యాయం 19వ వచనంలో మూడు సంగతులున్నాయి. వినడం, మాట్లాడటం, కోపించడం. వేగం ఉండవలసింది మొదటిదానికి, ఆలస్యం ఉండవలసింది మిగతా రెండింటికి. నేను వాటిని తలకిందులు చేసుకున్నాను. మాట ఖతార్ దాకా వేగంగా పోతోంది. వినడం ఇరవై అడుగుల దగ్గర ఆగిపోయింది. ఇంటిని సరిగా చూసుకోలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని పౌలు తిమోతికి రాసిన మాట, మొదటి పత్రిక 3వ అధ్యాయంలోది, ఇన్నాళ్లూ పిల్లలను అదుపులో పెట్టడం గురించే అనుకున్నాను. చూసుకోవడమంటే చూడటం కూడా.

తల్లిదండ్రులకు రెండు మాటలు. అన్ని ఆటలూ మంచివని నేను చెప్పడం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు మన పల్లెల్లోనూ ఇళ్లు ముంచాయి. 2025లో పార్లమెంటు చట్టం చేసి వాటిని నిషేధించింది. అలాంటివి మీ బిడ్డ ఫోనులో ఉంటే ఊరుకోవద్దు. మిగతావాటి విషయంలో మా ఇంట్లో పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. కుటుంబ ప్రార్థన అయ్యేదాకా ఆట లేదు. పదింటికి ముగింపు. పరీక్షల నెలలో శనివారాలు మాత్రమే. నాలుగోది మావాడే పెట్టాడు. అమ్మ పక్కన కూర్చుని చూడలేని ఆట తను ఆడడట. ఆ నియమం నేను పెట్టి ఉంటే తలుపు వెనక నిలిచేది కాదు.

రెండోది. మీ బిడ్డ ఏమి ఆడుతోందో, ఏమి చూస్తోందో దాని పేరు మీకు తెలుసా? తెలియకపోతే ఈ రాత్రి వెళ్లి అడగండి. తప్పు పట్టడానికి కాదు. పది నిమిషాలు పక్కన కూర్చుని, "ఇదేమిటి, నాకు చూపించు" అనండి. తండ్రులు పిల్లలకు విసుగు పుట్టిస్తే వాళ్లు మనసు కుంగిపోతారని కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో ఉంది. కుంగిన పిల్లలు అల్లరి చేయరు. "ఊ" అని ఊరుకుంటారు. దాన్నే మనం బుద్ధిమంతులని అనుకుంటాం.

మావాడు మూడింటిలో రెండు గట్టెక్కాడు. ఒకటి మిగిలింది. దాని కోసం ప్రార్థించండి. ఈ సంగతి రాయనా అని నేను అడిగితే రెండు రోజులు ఆలోచించాడు. "ఇంకెవరి నాన్నయినా చదివితే మంచిదే" అన్నాడు. ఒకచోట వాడి గురించి నేను కాస్త పొగిడి రాసిన వాక్యం కొట్టేశాడు. అది మీకు కనబడదు.

నిన్న రాత్రి కూడా లారీ ఎక్కాం. సగం దారిలో వాడు కంట్రోలర్ నా చేతికిచ్చి, "నువ్వు నడుపు, నేను క్లీనర్ని" అన్నాడు. నూరు గజాలు పోకుండానే కంచెను గుద్దాను. ఈసారి మట్టిగోడ మీద నెపం పెట్టడానికి లేదు.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, మేము నోరు తెరవకముందే మా మాట వినే దేవుడవు నీవు. దూరానున్నవారికి నీ వాక్యం పంపే మేము మా ఇంట్లో ఉన్నవారిని మరచిపోయాం, క్షమించు. మూసిన ప్రతి తలుపు దగ్గర తట్టే ఓపికను, తెరిచాక ఊరుకుని వినే చెవిని మాకు దయచేయి. నీకు, నాకు మాత్రమే తెలిసిన సంగతులను సంఘానికి నవ్వులాటగా మార్చకుండా నా నోటికి కావలి ఉంచు. పోయిన సబ్జెక్టులతో, దాచుకున్న భయాలతో మూసిన గదుల్లో కూర్చున్న ప్రతి బిడ్డ పక్కనా నీవే కూర్చో. యేసు నామమున అడిగి వేడుకుంటున్నాము తండ్రీ. ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ సహోదరుడు